క్యానులో వచ్చే సముద్రం: ఇంటి అక్వేరియానికి ఏ ఉప్పునీరు?

ఒంటిమిట్టలో 'ఉప్పునీళ్ళు' అంటే సముద్రం గుర్తుకు రాదు, బోరు గుర్తుకొస్తుంది. సబ్బు నురగ రాని నీళ్ళు, బిందె అంచున తెల్లటి పొర కట్టే నీళ్ళు, పప్పు సరిగా ఉడకని నీళ్ళు. కడప జిల్లా ఊళ్ళలో ఆ మాటకు అర్థం అదే. అసలు సముద్రం తూర్పున వెలికొండల అవతల ఉంది. గీత గీసి కొలిస్తే సుమారు 120 కిలోమీటర్లు. ఇలాంటి చోట గాజుతొట్టిలో క్లౌన్ ఫిష్‌ను పెంచాలనుకునేవారు చేపను ఎంచుకోవడానికి ముందే నీటి సంగతి తేల్చుకోవాలి. నెల్లూరు తీరం నుంచి క్యాన్లలో తెచ్చుకోవాలా? ప్యాకెట్ ఉప్పు కొని ఇంట్లో కలుపుకోవాలా?

ఈ వాదం వయసు నూట డెబ్భై ఏళ్ళకు పైనే. ఇన్నాళ్ళూ తెగకపోవడానికి ఒక కారణం, మాట్లాడేవారందరూ సముద్రానికి ఒకే దూరంలో లేకపోవడం. ఒడ్డున ఉన్నవారికి సహజమైన నీరు ఉచితం, తాజా. రెండు వందల మైళ్ళ లోతట్టున ఉన్నవారికి అది బరువు, అనుమానం. ఎవరి అనుభవం వారికి నిజమే. చిక్కల్లా ఒకరి అనుభవాన్ని మరొకరికి సూత్రంగా చెప్పడంలోనే వస్తోంది. ఈ సమీక్ష మెట్ట ప్రాంతపు ఊరి నుంచి ఆ వాదాన్ని చూస్తుంది.

దూరం పుట్టించిన వాదం

1846లో ఆనా థిన్ అనే ఆంగ్ల మహిళ టార్కీ తీరం నుంచి పగడపు జీవులను లండన్‌కు తెచ్చి సముద్రపు నీటిలో బతికించింది. నీటికి గాలి తగలడం కోసం ఇంటి పనిమనిషి ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఆ నీటిని ఎత్తి పోస్తూ ఉండేది. నేటి ఎయిర్ పంప్ చేసే పని అప్పుడు మనిషి చేతుల మీద జరిగింది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో 'ఫిష్ హౌస్' తెరిచారు. దాని వెనక ఉన్న ఫిలిప్ హెన్రీ గాస్‌కు తీరం నుంచి నీరు మోయించడం తలనొప్పి కావడంతో, 1854 ప్రాంతంలో కృత్రిమ సముద్రపు నీటికి ఒక తయారీ సూత్రం రాశాడు. మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్: నాలుగే సరుకులు. అందులో కాల్షియం లేదు. లండన్ కొళాయి నీరే కాల్షియం ఎక్కువ ఉన్న కఠిన జలం కాబట్టి ఆ లోటు కొంత పూడి ఉంటుంది. మన బోరు నీళ్ళ కథకూ దీనికీ ఉన్న చుట్టరికం తర్వాత వస్తుంది.

గాస్ సూత్రానికి శాస్త్రపు పునాది ముప్ఫై ఏళ్ళ తర్వాత పడింది. 1872–76 మధ్య ప్రపంచ సముద్రాలు చుట్టి వచ్చిన 'ఛాలెంజర్' ఓడ తెచ్చిన 77 నమూనాలను విలియం డిట్‌మార్ పరీక్షించి 1884లో ఫలితాలు ప్రకటించాడు. ఉప్పు ఎక్కువైనా తక్కువైనా, అందులోని ప్రధాన లవణాల నిష్పత్తి మాత్రం ఏ సముద్రంలోనైనా దాదాపు ఒకటే. ఆ నిష్పత్తిని పట్టుకుంటే సముద్రాన్ని కాగితం మీద రాయవచ్చని తేలింది. అయినా కాగితాన్ని నమ్మడానికి చాలాకాలం పట్టింది. 1930లో షికాగోలోని షెడ్ అక్వేరియం పది లక్షల గ్యాలన్ల నీటిని ఫ్లోరిడాలోని కీ వెస్ట్ నుంచి రైలు ట్యాంకర్లలో తెప్పించుకుంది. ఇరవై ట్యాంకర్లు ఎనిమిది సార్లు తిరిగాయి.

1960లలో దారి రెండుగా చీలింది. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో తన పద్ధతిని అచ్చులో వివరించాడు: సముద్రపు నీరు, జీవులతో నిండిన సముద్రపు రాళ్ళు, గాలిబుడగలు. ఫిల్టర్ లేదు. ఆ తర్వాత మూడేళ్ళకే అమెరికాలో 'ఇన్‌స్టంట్ ఓషన్' ప్యాకెట్ ఉప్పు అమ్మకానికి వచ్చింది. నేటికీ ఎవరితో వాదించినా ఈ రెండింటిలో ఏదో ఒకదాని మనవడితోనే వాదిస్తున్నట్టు లెక్క.

మన దేశంలో ఈ వాదం ఆలస్యంగా రావడానికి కారణం తేలికే. 1909లో మద్రాసు మెరీనా మీద తెరిచిన అక్వేరియం గానీ, 1951లో బొంబాయిలో వచ్చిన తారాపోర్‌వాలా అక్వేరియం గానీ ఒడ్డునే ఉండేవి. అడుగు దూరంలో సముద్రం ఉంటే ఉప్పు కలిపే ఆలోచన ఎవరికి వస్తుంది!

ఉప్పంటే ఒక ఉప్పు కాదు

లీటరు సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో క్లోరైడ్ 55 శాతం, సోడియం 30.6, సల్ఫేట్ 7.7, మెగ్నీషియం 3.7, కాల్షియం 1.2, పొటాషియం 1.1 శాతం. ఈ ఆరింటితోనే 99 శాతం దాటిపోతుంది. మిగిలిన ఒక్క శాతం లోపులో బ్రోమైడ్, బైకార్బొనేట్, స్ట్రాన్షియం, ఫ్లోరైడ్, ఇంకా అతి సూక్ష్మంగా పదుల కొద్దీ మూలకాలు ఉంటాయి.

వంటింటి ఉప్పు వేస్తే సరిపోదా అని అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది. అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లేని ఆ నీటిలో చేప కొద్దిసేపు ఈదుతుందేమో గానీ బతుకు సాగదు. ఇంతకన్నా తెలివైనదిగా కనిపించే ఆలోచన ఇంకొకటి ఉంది: ఇస్కపల్లి ఉప్పు కొటార్లలో చిక్కబడిన నీటిని తెచ్చి, ఇంట్లో మంచినీళ్ళు కలిపి పలుచన చేసుకోవడం. మోత బరువు కలిసొస్తుంది, నిజమే. కానీ మడిలో నీరు ఆవిరవుతున్నప్పుడు లవణాలన్నీ ఒకేసారి అడుగుకు చేరవు. నీరు సగానికి తగ్గేసరికి కాల్షియం కార్బొనేట్ విడిపోవడం మొదలవుతుంది. అయిదో వంతుకు వచ్చేసరికి జిప్సం పేరుకుంటుంది. పదో వంతుకు వచ్చాక గానీ తినే ఉప్పు గట్టిపడదు. అంటే చిక్కటి మడినీరు తిరిగి పలుచన చేసినా డిట్‌మార్ నిష్పత్తిలోకి రాదు, కాల్షియం మడి అడుగునే ఉండిపోతుంది. నీలకంఠ రొయ్య పిల్లలను లోతట్టు ప్రాంతంలో పెంచే హేచరీలు ట్యాంకర్లలో సముద్రపు నీరో చిక్కటి ఉప్పునీరో తెచ్చుకుని నడిపిన మాట నిజం. వాటికి లీటరుకు 12 గ్రాముల ఉప్పుదనం, కొన్ని వారాల గడువు చాలు. ఏళ్ళ తరబడి ఉండే తొట్టికి ఆ లెక్క అతకదు.

ఇక బోరు నీళ్ళు. కడప నేల కింద సున్నపురాయి పొరలు విస్తారం. ఇక్కడి 'ఉప్పునీళ్ళ'లో ఉన్నది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు, కొన్నిచోట్ల నైట్రేట్, ఫ్లోరైడ్. ఒక విచిత్రం చెప్పుకోవాలి: సముద్రపు నీటిలోనూ ఫ్లోరైడ్ లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములుంది. తాగునీటికి మన దేశంలో అనుమతించిన గరిష్ఠ పరిమితి 1.5. రాయలసీమను బాధించే ఫ్లోరైడ్ సముద్రపు చేపకు పుట్టినింటి సరుకే! చేపకు ఇబ్బంది కఠినత్వంతోనూ నైట్రేట్‌తోనూ. ప్యాకెట్ ఉప్పును స్వచ్ఛమైన నీటిలో కలపాలని లెక్కగట్టి తయారు చేస్తారు. దాన్ని బోరు నీటిలో కలిపితే లెక్క మొదట్లోనే తప్పుతుంది. గాస్‌కు కలిసొచ్చిన కఠిన జలం ఇక్కడ అడ్డం తిరుగుతుంది.

మూడు బడులు

మొదటిది ఒడ్డువారి బడి. సముద్రాన్ని సముద్రంకన్నా బాగా ఎవరూ కలపలేరన్నది దీని మూలసూత్రం. సూక్ష్మ మూలకాలు సరైన పాళ్ళలో ఉంటాయి, బాక్టీరియా, ప్లవకాలు ప్రాణంతో వస్తాయి, ఖర్చు మోత కూలీయే. కాలిఫోర్నియాలో 1984లో తెరిచిన మాంటెరే బే అక్వేరియం సముద్రపు నీటిని నేరుగా తోడుకుంటుంది. చూపరుల కోసం పగలు వడకట్టి పంపుతుంది, రాత్రి మాత్రం వడకట్టకుండా వదులుతుంది, నీటితో వచ్చే ఆహారం జీవులకు అందాలని. ఈ బడికి ఇంతకన్నా గొప్ప ఉదాహరణ దొరకదు. అయితే అక్కడ నీరు ఎడతెగకుండా వస్తూ పోతూ ఉంటుంది. క్యానులో మూత బిగించిన ఇరవై లీటర్లకు ఆ గుణం ఉండదు. లీ చిన్ ఎంగ్ పద్ధతిలో సగభాగం మన దేశంలో చట్టరీత్యా మూతపడింది కూడా. గట్టి పగడాలన్నిటినీ, సముద్ర గుర్రాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. పగడపు రాళ్ళు ఏరుకొచ్చి తొట్టిలో పెట్టుకోవడం ఇప్పుడు అభిరుచి కాదు, నేరం.

రెండోది ప్యాకెట్ బడి. ఈ బడివారు కోరేది నిలకడ. ఈ నెల కలిపిన నీరు, వచ్చే నెల కలిపే నీరు ఒకటే. రోగం రాదు, డీజిల్ చుక్క పడదు, వర్షాకాలం అడ్డురాదు. సముద్రానికి దూరంగా అట్లాంటాలో 2005లో తెరిచిన జార్జియా అక్వేరియం తిమింగలపు సొరలను సైతం కలుపుకున్న ఉప్పునీటిలోనే పెంచుతోంది. తిమింగలపు సొర బతికిన నీటిలో క్లౌన్ ఫిష్ బతకదా అన్న వాదనకు ఎదురు చెప్పడం కష్టం. ఈ బడి బలహీనత ప్యాకెట్లో లేదు, ప్యాకెట్‌ను కలిపే నీటిలో ఉంది.

మూడో బడిని అక్వేరియం పుస్తకాలు అంతగా పట్టించుకోవు. కానీ తెలుగువారికి అన్నిటికన్నా దగ్గరిది అదే, రొయ్య హేచరీల బడి. నెల్లూరు నుంచి విశాఖ దాకా మన తీరం పొడవునా హేచరీలు ప్రతిరోజూ సహజమైన సముద్రపు నీటితోనే పని చేస్తాయి. కానీ పచ్చి నీటిని మాత్రం నమ్మవు. 1994–95లో తెల్లమచ్చ రోగం ఆంధ్ర రొయ్యల చెరువులను ఊడ్చిపెట్టిన తర్వాత ఆ అపనమ్మకం క్రమశిక్షణగా మారింది. తోడిన నీరు ఇసుక ఫిల్టర్ గుండా వెళుతుంది. తర్వాత క్లోరిన్ పట్టిస్తారు, గాలి కొట్టి మిగులు క్లోరిన్‌ను వదిలిస్తారు, ఇంకా మిగిలితే హైపో (సోడియం థయోసల్ఫేట్)తో విరుస్తారు. లోహాలను కట్టేయడానికి ఈడీటీఏ వేస్తారు. చివర మైక్రాన్ ఫిల్టర్, అతినీలలోహిత దీపం. సముద్రపు నిష్పత్తి నిలుస్తుంది, సముద్రపు రోగం పోతుంది. మొదటి బడి సరుకు, రెండో బడి జాగ్రత్త.

ఇంటి లెక్కలో దీన్ని దించుకోవడం కష్టం కాదు. వంద లీటర్ల నీటికి లీటరుకు 10 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే మొత్తం ఒక గ్రాము. 30 శాతం బలం ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే 3.3 గ్రాములు. ఒక రాత్రి ఉంచి, గట్టిగా గాలి కొట్టి, మిగిలిన ప్రతి మిల్లీగ్రాము క్లోరిన్‌కు ఏడు మిల్లీగ్రాముల హైపో స్ఫటికాల చొప్పున వేస్తే విరుగుతుంది. ఏమీ ఆవిరి కాలేదనుకున్నా ఏడు గ్రాములు మించదు. పరీక్ష చుక్కలు వేసినప్పుడు పసుపు రంగు కనిపిస్తున్నంత వరకు చేపను దించకూడదు. సముద్రపు నీటిలోని బ్రోమైడ్‌తో క్లోరిన్ కలిసి బ్రోమిన్ సమ్మేళనాలు పుడతాయి కాబట్టి మామూలు కొళాయి నీటి అనుభవంతో తొందరపడటం మంచిది కాదు.

బంగాళాఖాతం ఏడాదంతా ఒకటి కాదు

'సహజమైన సముద్రపు నీరు' అన్నప్పుడు ఒడ్డువారి బడి తలచుకునేది లీటరుకు 35 గ్రాముల సముద్రం. మన సముద్రం అలాంటిది కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కలిసి బంగాళాఖాతం పైపొరను వర్షాకాలం తర్వాత పలుచన చేసేస్తాయి. ఆ మంచినీటి పొరను తీరం వెంబడి ప్రవాహం దక్షిణానికి మోసుకొస్తుంది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ఎ.వి.ఎస్. చైతన్య, సహచరులు 2014లో ప్రచురించిన అధ్యయనం దీన్ని 'సముద్రంలో నది' అంది. ఆధారం, తీరం పొడవునా ఎంచుకున్న చోట్ల జాలర్లు పట్టి ఇచ్చిన నీటి నమూనాలు. ఒడ్డు వెంట సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున సాగే ఆ నది ఉత్తర భాగంలో లవణీయత పది గ్రాములకు పైగా పడిపోతుంది. ఉత్తర కొస నుంచి దక్షిణ కొసకు చేరడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఫిబ్రవరి నుంచి ప్రవాహం ఎదురు తిరిగి, ఉత్తరానికి ఉప్పు ఎక్కువున్న నీటిని తెస్తుంది.

ఒంటిమిట్ట వారికి ఇందులో ఇంకో మెలిక ఉంది. ఊరికి ఉత్తరాన సిద్ధవటం పక్కనుంచి పారే పెన్న ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నీళ్ళు పట్టుకోవడానికి అందరికీ తెలిసిన మైపాడు బీచ్ ఆ ముఖద్వారానికి దక్షిణాన కొద్ది దూరంలోనే ఉంది. అక్టోబరు–డిసెంబరు మధ్య ప్రవాహం దక్షిణానికే. అంటే కడపలో కురిసిన వానే మైపాడులో పట్టిన క్యానులోకి వచ్చి చేరే అవకాశం ఉంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి, పెన్న ఉప్పొంగినప్పుడు ఎంత బురదనీరు అటు వెళ్ళిందో ఈ ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. దక్షిణాన కృష్ణపట్నం వైపు వెళదామంటే అక్కడ ఓడరేవు, థర్మల్ కేంద్రాలు ఉన్నాయి. ఓడలు తిరిగే చోటా, వేడి నీరు వదిలే చోటా, చెరువుల నీరు కాలువలోంచి పడే చోటా నీరు పట్టకూడదన్నది మూడు బడులూ ఒప్పుకునే కొద్ది మాటల్లో ఒకటి.

కాబట్టి ఈ తీరం నుంచి తెచ్చే నీటికి మార్చి–మే మంచి కాలం. ఏ కాలమైనా ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ లేకుండా క్యాను నింపడం గుడ్డిపని. నాలుక ఇక్కడ పనికిరాదు. 25 గ్రాముల ఉప్పూ 35 గ్రాముల ఉప్పూ నోటికి ఒకేలా ఉంటాయి.

దారిలో జరిగేది

రాజంపేట–రాపూరు ఘాట్ దారిలో వచ్చినా, బద్వేలు మీదుగా వచ్చినా నీరు కొన్ని గంటలు ప్రయాణం చేస్తుంది. పచ్చి నీటిలోని ప్లవకాలు మూత బిగించిన చీకట్లో చచ్చి కుళ్ళడం మొదలుపెడతాయి. ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా పెరుగుతుంది. అసలే సముద్రపు నీటిలో ఆక్సిజన్ తక్కువ: 25 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు 8.2 మిల్లీగ్రాములు పట్టుకుంటే, సముద్రపు నీరు పట్టుకునేది 6.7. ట్రాలీ మీద మే నెల ఎండలో ఉన్న క్యాను సంగతి ఊహించుకోవచ్చు.

ఇక్కడ రెండు మార్గాలు చెబుతారు. ఒకటి, తెచ్చిన వెంటనే వాడటం. ఒడ్డునుంచి గంట దూరంలో ఉన్నవారికి అది చెల్లుతుంది. రెండోది, కొన్ని వారాలు చీకట్లో నిలవ ఉంచి, కుళ్ళవలసింది కుళ్ళిపోయాక పైనున్న తేట నీటిని తీసుకుని, గాలి కొట్టి వాడటం. చేప దొరకని పరాన్నజీవులు చాలావరకు ఈ విరామంలోనే అంతరిస్తాయి. ప్రాణంతో ఉన్న నీరు కావాలని 120 కిలోమీటర్లు వెళ్ళి, తెచ్చాక ఆ ప్రాణం పోయేదాకా ఆగడంలో ఒక వింత ఉంది. ఒంటిమిట్ట దూరంలో ఒడ్డువారి బడి చెప్పే లాభాల్లో ఒకటి, బహుశా అన్నిటికన్నా పెద్దది, దారిలోనే పోతుంది. మిగిలేది రసాయన నిష్పత్తి. అది ప్యాకెట్లోనూ దొరుకుతుంది.

బరువు కూడా చూడాలి. 200 లీటర్ల తొట్టికి 205 కిలోల సముద్రం, అంటే పది క్యాన్లు. అదే ఉప్పైతే ఏడు కిలోల చిల్లర, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకోవచ్చు. తొలిసారి తొట్టి నింపడానికి ట్రాలీ ఆటో మాట్లాడుకోవడం ఉత్సాహంగానే ఉంటుంది. వారానికి పదో వంతు మార్చాలంటే నెలకు నాలుగైదు క్యాన్లు. అలసట మొదలయ్యేది అక్కడ. అలసిన యజమాని నీరు మార్చడం వాయిదా వేస్తాడు. సహజమైన నీటి తొట్లు పాడైపోవడానికి నీటి గుణంకన్నా ఈ వాయిదాయే ఎక్కువ కారణమని అనుకోవడానికి వీలుంది.

అసలు కరువు మంచినీటికే

ఈ వాదంలో రెండు పక్షాలూ దాటేసే విషయం ఒకటుంది. తొట్టిలోంచి ఆవిరయ్యేది మంచినీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న తొట్టిలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు తగ్గితే రెండు లీటర్లు పోయినట్టు. 150 లీటర్ల తొట్టి వారం రోజులు పట్టించుకోకపోతే 35 గ్రాముల లవణీయత 38.6కు చేరుతుంది. దాన్ని సముద్రపు నీటితో పూడిస్తే తొట్టిలో మొత్తం ఉప్పు ఇంకా పెరుగుతుంది. బోరు నీటితో పూడిస్తే? లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీటిని ఏడాదిపాటు పోస్తే తొట్టిలో 580 గ్రాముల అక్కరలేని లవణాలు చేరతాయి. అంటే మైపాడు నుంచి ఎంత శ్రద్ధగా తెచ్చిన నీరైనా ఏడాది తిరిగేసరికి కొంత ఒంటిమిట్ట బోరు గుణం పట్టుకుంటుంది.

కాబట్టి సహజమైన నీరు తెచ్చుకునేవారికీ ఆర్వో నీరు తప్పదు. ఆర్వో అంటే ఒక లీటరు తీసుకుని రెండు మూడు లీటర్లు వదిలేయడం. కరువు సీమలో ఆ వదిలిన నీరు మొక్కలకో గచ్చు కడగడానికో పోకపోతే అభిరుచికి చెడ్డపేరు వస్తుంది. ఎండల సంగతి సరేసరి: 42 డిగ్రీల ఊళ్ళో 26–28 డిగ్రీల తొట్టిని నిలపడానికి చిల్లర్ కావాలి. ఆ కరెంటు బిల్లు ముందు ఉప్పు ఖర్చు, నీటి మోత రెండూ చిన్నవే.

పక్కపక్కన పెడితే

తీరానికి గంట దూరంలో పచ్చి నీరు గెలుస్తుంది. నెల్లూరు, మచిలీపట్నం, విశాఖ వారితో ఈ విషయంలో వాదించడం అనవసరం. షికాగో, అట్లాంటా లాంటి దూరాల్లో ప్యాకెట్ గెలుస్తుంది. ఒంటిమిట్ట ఈ రెంటి మధ్యా ఉంది, నీరు తేవడం అసాధ్యమూ కాదు, సులువూ కాదు. ఇలాంటి చోట హేచరీ బడి పద్ధతిలో శుద్ధి చేసిన వేసవి నీటితో తొట్టి మొదలుపెట్టి, వారం వారం మార్పిడికి ఆర్వో నీటిలో కలిపిన ప్యాకెట్ ఉప్పును వాడటం సబబుగా కనిపిస్తుంది. నిష్పత్తి ఒకటే కాబట్టి, లవణీయత, వేడి సరిచూసుకుంటే రెండు నీళ్ళూ కలవడానికి అభ్యంతరం లేదు. అక్టోబరు–డిసెంబరు నీటి జోలికి పోకపోవడం మంచిది.

తెగని ముడులు

సూక్ష్మ మూలకాల తగువు ఇంకా అలాగే ఉంది. 1990ల చివర మార్లిన్ అట్కిన్సన్, క్రెయిగ్ బింగ్‌మన్ బజారు ఉప్పులను విశ్లేషించి, చాలా వాటిలో కొన్ని లోహాలు సముద్రంలోకన్నా ఎక్కువున్నాయన్నారు. 2000ల మొదట్లో రాన్ షిమెక్ సముద్రపు ముళ్ళకాయ పిల్లలను రకరకాల ఉప్పునీళ్ళలో పెంచి, కొన్నింటిలో అవి సరిగా ఎదగలేదని చూపాడు. లోహమే కారణమని ఆ ప్రయోగం రుజువు చేయలేదని, అప్పుడే కలిపిన నీటికీ ఆరు నెలలు నడిచిన తొట్టి నీటికీ పోలిక లేదని రసాయనజ్ఞులు ఎదురు చెప్పారు. రెండు మాటలూ నిలిచే ఉన్నాయి. చేపలు మాత్రమే పెంచేవారికి ఈ తగువుతో పెద్ద పని లేదు. వెన్నెముక లేని సున్నితమైన జీవులను పెంచాలంటే మాత్రం ఉంది.

రెండోది ఈడీటీఏ. హేచరీలో అది లోహాలను కట్టేసి రొయ్య పిల్లను కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ నాచుకూ జీవులకూ కావలసిన ఇనుము, రాగి లాంటివాటినీ అది అలాగే పట్టుకుంటుంది. హేచరీ ట్యాంకులో ఒక దఫా పని మూడు వారాల్లో ముగుస్తుంది. పిల్లలు సంచుల్లోకి, నీరు కాలువలోకి వెళ్ళిపోతాయి, ట్యాంకు కడిగి ఆరబెడతారు. ఇంటి తొట్టి నీరు వారానికి పదో వంతు తప్ప ఎక్కడికీ పోదు.